ఆ చివరి పన్ను పాలపన్ను కాకపోవచ్చు

ప్రశ్న: మాది మర్రిగూడ మండలం. మా బాబుకు 8 ఏళ్లు. ముందు పళ్ల మీద గోధుమ రంగు మచ్చలున్నాయి. స్కూల్లో పిల్లలు వెక్కిరిస్తున్నారని చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడు. మచ్చలు పోవాలంటే ఏ పేస్టు మంచిది? ఆన్‌లైన్‌లో పళ్లు తెల్లగా చేసే పౌడర్ చూశాం, వాడొచ్చా? వాడికి కింద ఎడమవైపు చివరి దవడ పన్ను పుచ్చింది. రెండు నెలల్లో రెండుసార్లు దవడ వాచింది. మెడికల్ షాపు గోలీలు వేస్తే తగ్గిపోయింది. పాలపన్నే కదా, ఎలాగూ ఊడిపోతుందని ఊరుకున్నాం. మా అత్తమ్మకు షుగర్ ఉంది. పై పన్ను కదులుతోంది. తీయిస్తే కంటిచూపు పోతుందని భయపడుతోంది. చిన్నపాపకు 2 ఏళ్లు, ఇంకా సీసాతో పాలు తాగుతూ పడుకుంటుంది. పాపకు కూడా ఇలా మచ్చలు వస్తాయా?
– ఒక తల్లి

డాక్టర్ సలహా: అమ్మా, మచ్చల గురించి కింద రాస్తాను. ముందు మీరు రెండు ముక్కల్లో చెప్పి వదిలేసిన వాపు సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో నాకు టెన్షన్ పెట్టింది అదే.

ఈ రోజే బాబును వెలుతురులో కూర్చోబెట్టి నోరు తెరిపించండి. కింది పళ్లలో సరిగ్గా మధ్య నుంచి ఎడమవైపుకు వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టండి. మధ్యలో పన్ను ఊడి ఖాళీ ఉంటే దాన్ని కూడా ఒకటిగా వేసుకోండి. పాలపళ్లు మొత్తం 20, అంటే పైనా కిందా ఒక్కో వైపు ఐదే. మీరు చెప్పిన పుచ్చు పన్ను ఐదోది అయితే అది పాలపన్ను. ఆరోది అయితే పాలపన్ను కాదు, శాశ్వత పన్ను. ఎనిమిదేళ్ల పిల్లవాడికి 'చివరి దవడ పన్ను' అన్నారు కాబట్టి అది ఆరోదేనని నా అనుమానం.

ఈ పన్ను ఆరేళ్ల వయసులో వస్తుంది. దీనికోసం ఏ పన్నూ ఊడదు. పాలపళ్ల వెనక ఖాళీగా ఉన్న చిగురులోంచి చప్పుడు లేకుండా పైకొస్తుంది. అందుకే ఇంట్లో ఎవరికీ తెలియదు. కొత్తగా వచ్చిన పన్ను మీద గాడులు లోతుగా ఉంటాయి, బిస్కట్ ముద్ద అందులోనే ఇరుక్కుంటుంది, పిల్లల చేతికి బ్రష్ అంత లోపలికి అందదు. నా దగ్గరికి వచ్చే ఈ వయసు పిల్లల్లో ఎక్కువగా పాడైపోయి కనిపించేది ఇదే. తల్లిదండ్రులు చెప్పేది కూడా మీరు చెప్పిన మాటే, 'పాలపన్నే కదా సార్' అని. ఇది పోతే దీని స్థానంలో ఇంకొకటి రాదమ్మా. అన్నం నమిలే బరువంతా జీవితాంతం మోయాల్సిన పన్ను.

కాపాడొచ్చా లేదా అన్నది ఎక్స్‌రే చూడకుండా చెప్పలేను. ఇంకో విషయం, ఈ పన్ను వేళ్ల చివర్లు 9, 10 ఏళ్లు వచ్చేదాకా పూర్తిగా మూసుకోవు. పెద్దవాళ్లకు చేసే రూట్ కెనాల్‌ను ఉన్నదున్నట్టు ఇక్కడ చేయలేం, పద్ధతి వేరు. కాబట్టి వీలైతే పిల్లల దంతవైద్యులకే చూపించండి. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో డెంటల్ కాలేజీలున్నాయి. వాటిలో పిల్లల పళ్లకు ప్రత్యేక విభాగం ఉంటుంది.

లెక్కలో ఐదోదే అయినా ఊరుకోకండి. ఆ పాలపన్ను 10 నుంచి 12 ఏళ్లదాకా నోట్లో ఉండాలి. దాని కింద రాబోయే పన్ను తయారవుతూ ఉంటుంది, చీము దాన్ని కూడా పాడుచేయొచ్చు. ముందే తీసేయాల్సి వస్తే వెనక పన్ను ముందుకు ఒరిగి, కొత్త పన్నుకు చోటు లేకుండా చేస్తుంది. అందుకే పాలపన్నుకైనా లోపల శుభ్రం చేసి స్టీలు క్యాపు వేస్తాం. తీయక తప్పకపోతే ఖాళీ మూసుకుపోకుండా స్పేస్ మెయింటైనర్ అనే చిన్న తీగ పెడతాం.

ఇక గోలీల సంగతి. రెండుసార్లు తగ్గిందన్నారు. తగ్గింది వాపు ఒక్కటే. పుచ్చు లోపలికి దిగి పన్ను మధ్యలో ఉండే నరం, రక్తనాళాలు చచ్చిపోయాక మందు అక్కడికి చేరే దారే ఉండదు. మనం మింగే ఏ మందైనా రక్తంతోనే కదా వెళ్లాలి. చుట్టూ ఉన్న వాపును మందు తగ్గిస్తుంది, పన్ను లోపలి చీము అలాగే కూర్చుంటుంది. అందుకే మళ్లీ వాచింది. మూడోసారి కూడా వాస్తుంది, ఎంతవరకు పాకుతుందో ఎవరం చెప్పలేం.

షాపులో ఏ మందు ఇచ్చారో మీరు రాయలేదు, బహుశా మీకు కూడా తెలియకపోవచ్చు. స్ట్రిప్ కత్తిరించి నాలుగు గోలీలు కవర్లో వేసి ఇస్తే పేరేమిటో, ఎంత పవరో ఎలా తెలుస్తుంది? నిమెసులైడ్ అనే నొప్పి మందును 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఇప్పటికీ ఇళ్లలో పెద్దవాళ్ల కోసం తెచ్చిన గోలీని సగం విరిచి పిల్లలకు వేస్తున్నారు. ఆస్పిరిన్ కూడా పిల్లలకు వేయకూడదు. పిల్లల మందు మోతాదు బరువును బట్టి ఉంటుంది. బాబు బరువు నాకు తెలియదు, అందుకే ఇక్కడ ఏ మందు పేరూ రాయడం లేదు. యాంటీబయాటిక్ రెండు రోజులు వేసి వాపు దిగగానే ఆపేసి ఉంటారు. అవునా? మిమ్మల్ని తప్పుపట్టాలని కాదు, పనులు మానుకుని పట్నం రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ రెండు నెలల్లో రెండుసార్లు వాచిన దవడను ఒక్కసారైనా డాక్టర్‌కు చూపించాల్సింది.

మొన్నీమధ్య మా క్లినిక్‌కు ఒక తొమ్మిదేళ్ల పాప వచ్చింది. పంటి నొప్పికి వాళ్ల నానమ్మ దూదిలో జిల్లేడు పాలు ముంచి పుచ్చులో పెట్టింది. నోరు తెరిచి చూస్తే బుగ్గ లోపల పెరుగు మీగడలా తెల్లటి పొర లేచి, దాని కింద ఎర్రగా పచ్చి పుండు. పంటి నొప్పికంటే ఆ మంటకే పిల్ల మూడు రోజులు అన్నం తినలేదు. నానమ్మ ప్రేమతోనే చేసింది, ఏడుస్తూనే చెప్పింది. దయచేసి జిల్లేడు పాలు, సున్నం, నశ్యం, పెట్రోలు ఏవీ పుచ్చులో పెట్టకండి. బయట బుగ్గ మీద వేడి కాపడం పెట్టకండి. చీము గడ్డను సూదితో పొడవకండి. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించడం వరకు సరే. పంటి పురుగు తీస్తామని సంతల్లో తిరిగేవాళ్లు చూపించేది మీ పంటిలోంచి వచ్చిన పురుగు కాదు. పుచ్చుకు కారణం కంటికి కనిపించని బ్యాక్టీరియా, తీపి తిన్నప్పుడల్లా అది తయారుచేసే యాసిడ్.

ఈలోగా మళ్లీ వాచి జ్వరం వచ్చినా, వాపు దవడ కిందికి మెడవైపు లేదా పైకి కంటివైపు పాకినా, నోరు తెరవలేకపోయినా, మింగలేక చొంగ కారుస్తున్నా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా తెల్లవారేదాకా ఆగొద్దు. డెంటల్ క్లినిక్ ఎప్పుడు తెరుస్తారా అని చూడొద్దు. 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్లండి.

మచ్చల విషయానికొస్తే, మీ మర్రిగూడ నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువుండే మండలం, కాబట్టి ఇవి ఫ్లోరైడ్ మచ్చలు కావచ్చు. చూడకుండా ఖాయంగా చెప్పను, పుచ్చు మొదలైనా గోధుమ రంగు మచ్చ వస్తుంది. ముందు పళ్లు చిగురు లోపల తయారయ్యేది పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్లలోపు. అప్పుడు తాగిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటే ఆ గుర్తు పంటిలోనే ఉండిపోతుంది. ఏ పేస్టుతో తోమినా పోదు. ఆన్‌లైన్ పౌడర్ అసలే వద్దు, గరుకుగా ఉండేవి పింగాణీలాంటి పైపొరను గీకేస్తాయి, జివ్వుమనడం మొదలవుతుంది. పైపైన ఉన్న మచ్చలను డాక్టర్ దగ్గర మైక్రో అబ్రేషన్‌తో, అంటే మచ్చ ఉన్న పైపొరను చాలా పలచగా అరగదీసి తగ్గించొచ్చు, లోతుగా ఉంటే పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగ్ వేయొచ్చు. క్యాపులు, వెనీర్ల (పంటి ముందు అతికించే పలచటి పొరలు) ఆలోచన పెద్దయ్యాక. వాడు చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడటం చిన్న విషయం కాదు. దవడ పన్ను పని అయ్యాక దీని గురించి కూడా తప్పకుండా అడగండి.

బాబు విషయంలో ఆ వయసు దాటిపోయింది. పాపకు ఇంకా సమయం ఉంది, మచ్చలు వీలైనంత తగ్గేలా చూసుకోవచ్చు. తాగడానికే కాదు, వంటకు కూడా బోరు నీళ్లు వద్దు. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు వాడండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటకూడదన్నది మన దేశ ప్రమాణం, అంతకంటే తక్కువుంటే ఇంకా మంచిది. నీళ్లు మరగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్ అంటారు. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. కానీ దానికి నీటి పరీక్ష చేసి మోతాదు లెక్కగట్టాలి. ఇంట్లో బిందెలో అందాజుగా పటిక తిప్పితే సరిపోదు.

ఫ్లోరైడ్ ఊరు కదా అని బాబుకు ఫ్లోరైడ్ పేస్టు మానిపించకండి. ఉమ్మేయడం వస్తుంది కాబట్టి బఠాణీ గింజంత పేస్టుతో రెండు పూటలా తోమించండి. రాత్రి పూట మీరే తోమండి. పాపకు బియ్యం గింజంత చాలు, మింగకుండా తుడిచేయండి. మీ ఇంటి నీటి సంగతి డాక్టర్‌కు చెప్పి, ఏ పేస్టు వాడాలో ఓసారి అడగండి.

అత్తమ్మకు చెప్పండి, పై పంటి నరం వేరు, చూపు నరం వేరు. పన్ను తీస్తే చూపు పోదు. షుగర్ అదుపులో లేకపోతే మాత్రం కంటి రెటీనా దెబ్బతింటుంది. ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించండి. కదిలే పన్ను తీయాలో, చిగుళ్ల చికిత్సతో నిలుస్తుందో చూశాకే తెలుస్తుంది. వెళ్లే రోజు టిఫిన్, షుగర్ గోలీ మానొద్దు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ రక్తపరీక్ష రిపోర్టు పట్టుకెళ్లండి. గుండెకు, రక్తం పలచబడటానికి గోలీలు వాడుతుంటే ఆమెంతట ఆమె ఆపకూడదు, డాక్టర్‌కు చెప్పాలి.

ఈ వారంలోనే వెళ్లండి. బాబుకు వేసిన గోలీల స్ట్రిప్ ముక్క ఉన్నా తీసుకెళ్లండి. పాపను కూడా ఎత్తుకెళ్లండి. సీసా పాలతో నిద్రపోయే పిల్లలకు ముందుగా పుచ్చేది పై ముందు పళ్లే. పెదవి పైకెత్తి చిగురు అంచున సుద్దలా తెల్లటి గీత ఉందేమో చూడమని డాక్టర్‌ను అడగండి. ఈ రాత్రి నుంచే సీసా మానిపించడం మొదలుపెట్టండి. మొదటి నాలుగైదు రాత్రులు ఏడుస్తుంది, సీసాలో పాలకు బదులు మంచినీళ్లు పోసి ఇవ్వండి.