జలాశయానికి పచ్చరంగు, కుళాయి నీటికి మట్టివాసన

ప్రశ్న: మాకు తాగునీరిచ్చే జలాశయం ఎండాకాలంలో ఆకుపచ్చగా మారుతోంది, కుళాయి నీరు మట్టివాసన వేస్తోంది. క్లోరిన్ మోతాదు పెంచితే చాలదా? మరిగించి తాగితే ప్రమాదం తప్పుతుందా?

జవాబు: ఆ వాసన సాధారణంగా జియోస్మిన్ అనే పదార్థానిది. నీలి ఆకుపచ్చ నాచుగా పిలిచే సయనోబాక్టీరియా దాన్ని తయారుచేస్తాయి. లీటరు నీటిలో సుమారు 10 నానోగ్రాములున్నా మన ముక్కు పసిగడుతుంది గాని, ఆ మోతాదులో దానివల్ల హాని లేదు. అసలు జాగ్రత్తపడవలసింది ఆ నాచులోనే కొన్ని రకాలు విడిచే మైక్రోసిస్టిన్ గురించి. కాలేయాన్ని దెబ్బతీసే ఈ విషాన్ని వాసనతో గుర్తించలేము, మరిగించినా అది నశించదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంలో, ఈరీ సరస్సు నుంచి వచ్చే కుళాయి నీటిని తాగవద్దనీ, కాచి కూడా వాడవద్దనీ 4 లక్షల మందికి పైగా ప్రజలను హెచ్చరించింది అందుకే.

క్లోరిన్‌తో వచ్చే చిక్కు వేరు. నాచు కణాలు ఇంకా నీటిలో ఉండగానే క్లోరిన్ కలిపితే అవి పగిలి లోపలి విషం బయటికి వస్తుంది. నీటిలోని సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసి ట్రైహాలోమీథేన్లు అనే హానికర పదార్థాలు కూడా ఏర్పడతాయి. కనుక పటిక వంటివి వేసి, వడపోసి, కణాలను పగలకుండా తొలగించాక, అవసరమైతే ఉత్తేజిత కార్బన్‌తో శుద్ధిచేసి, చివర క్లోరిన్ కలపడమే సరైన వరుస.

ఇంతకీ నాచుకు మేత ఎక్కడిది? మురుగునీటితోను, పొలాల ఎరువులతోను వచ్చే నత్రజని, భాస్వరం. రెండింటిలో భాస్వరానిదే పెద్ద పాత్ర అని నా అభిప్రాయం. 1973లో కెనడాలో ఒక చిన్న సరస్సును తెరతో రెండుగా విడదీసి, ఒక భాగంలో కార్బన్, నత్రజని మాత్రమే, రెండో భాగంలో వాటితోపాటు భాస్వరం కూడా కలిపితే, నాచు దట్టంగా కమ్ముకున్నది రెండో భాగాన్నే. నత్రజనిని వదిలేయవచ్చని కాదు. కొన్ని జలాశయాలలో రెండింటినీ తగ్గించక తప్పదు.

మురుగును ఆపిన మరునాడే నీరు తేటపడుతుందని మాత్రం ఆశించకండి. చచ్చిన నాచు అడుగున కుళ్లుతూ ఆక్సిజన్‌ను హరిస్తుంది. ఆక్సిజన్ లేనిచోట, ఇనుముతో బంధించి ఉన్న భాస్వరం పూడికలోంచి విడివడి మళ్లీ నీటిలో కలుస్తుంది. ఈ పాత నిల్వ ఏళ్ల తరబడి నాచును పోషిస్తుంది. నీటి సరఫరా అధికారులను క్లోరిన్ మోతాదు ఒక్కటే అడగకండి. జలాశయంలోకి చేరుతున్న భాస్వరం ఎంతో, మైక్రోసిస్టిన్ పరీక్ష చేస్తున్నారో లేదో కూడా అడగండి. జీవితకాలం తాగే నీటిలో అన్ని రకాల మైక్రోసిస్టిన్లకూ కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన తాత్కాలిక పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము.