ప్రహరీ ఎత్తు ఎంతని అడిగే ముందు, ఎక్కడి నుంచి కొలుస్తారో అడగండి
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా నగరపాలక సంస్థ ఇళ్లు, దుకాణాలు, గోదాముల చుట్టూ కట్టే ప్రహరీ గోడలు, కంచెల నిబంధనలను సవరించబోతోంది. ముసాయిదాపై అభ్యంతరాలు, సూచనలు కోరింది. మా కాలనీ సంఘంలో చర్చంతా ఇంటి ముందు గోడ ఐదడుగులు ఉండాలా, ఆరడుగులు ఉండాలా అన్న దగ్గరే ఆగిపోతోంది. మేము ఇంకా ఏయే అంశాలు లేవనెత్తాలి?

జవాబు: ఆ చర్చ అవసరమే. అయితే అంతకంటే ముందు తేలవలసింది, ఆ ఐదడుగులను ఎక్కడి నుంచి కొలుస్తారన్నది. రోడ్డు కంటే మూడడుగులు మెరక చేసుకున్న స్థలంలో యజమాని లోపలి నేల నుంచి ఐదడుగులు కొలిచి గోడ కట్టుకుంటే, కాలిబాట మీద నడిచే మనిషికి అది ఎనిమిదడుగుల గోడ. యజమాని కొలతా తప్పు కాదు, ఫిర్యాదు చేసిన పొరుగువారి కొలతా తప్పు కాదు. కొలత మొదలయ్యే చోటును నిబంధన చెప్పకపోవడం వల్లనే ఇద్దరూ కార్యాలయం చుట్టూ తిరగవలసి వస్తుంది. భారత జాతీయ భవన నిర్మాణ నియమావళి ఈ విషయంలో స్పష్టంగా ఉంది: ప్రహరీ ఎత్తును ముందున్న వీధి మధ్యరేఖ నుంచి కొలవమని, సాధారణంగా అది 1.5 మీటర్లు దాటకూడదని సిఫార్సు చేస్తుంది. నా సూచనగా దానికి ఒక మాట చేర్చమని అడగండి. పాత రోడ్డు మీద కొత్త పొర వేసిన ప్రతిసారీ వీధి మట్టం పెరుగుతుంది కాబట్టి, అనుమతి ఇచ్చిన తేదీన ఉన్న మట్టాన్ని పత్రంలో నమోదు చేయాలి. లేకపోతే పదేళ్ల తరువాత ఏది ఎంత ఎత్తున కట్టారో తేల్చడం ఎవరి వల్లా కాదు.

రెండోది, గోడ గుండా అవతలికి కనిపిస్తుందా లేదా అన్నది. అదే నియమావళి, పైన 0.9 మీటర్ల భాగం ఊచలతోనో జాలీతోనో ఖాళీలుండేలా కడితే మొత్తం 2.4 మీటర్ల వరకు అనుమతించవచ్చంటుంది. నా దృష్టిలో ప్రహరీల గురించి ఆ నియమావళి చెప్పిన వాటిలో తెలివైన వాక్యం ఇదే. ఇంటివారికి కావలసిన భద్రత దొరుకుతుంది, వీధిలోకి చూపు కూడా మూసుకుపోదు. రెండు వైపులా నిండు గోడలున్న వీధిలో ఎవరికైనా ఆపద వస్తే కిటికీలోంచి చూసేవారే ఉండరు. అందుచేత మీ సంఘం ఐదా, ఆరా అన్న వాదనలో ఓటింగు పెట్టే బదులు, నిండు గోడకు ఒక పరిమితి, ఖాళీలున్న నిర్మాణానికి మరొక పరిమితి అడగడం మేలు. గాలి సంగతీ ఇందులోనే ఉంది. గోడ అంతటా గాలి ఒత్తిడి సమానంగా ఉందనుకుంటే, నిండు గోడ ఎత్తు రెట్టింపైనప్పుడు దాన్ని పునాది దగ్గర పడదోసే బలం ప్రభావం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి ఒక ఎత్తు దాటిన నిండు గోడకు ఇంజనీరు సంతకం చేసిన నక్షా తప్పనిసరి చేయడం న్యాయమే.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, మలుపులు. ఇక్కడ రాజీ పడవద్దని గట్టిగా చెబుతున్నాను. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు 10 మీటర్లు సాగుతుంది. రోడ్ల రూపకల్పనలో, అడ్డు కనిపించినప్పటి నుంచి డ్రైవరు బ్రేకు మీద కాలు వేసేదాకా పట్టే సమయాన్ని సాధారణంగా 2.5 సెకన్లుగా లెక్కిస్తారు, అంటే బ్రేకు పడకముందే 25 మీటర్లు గడిచిపోతాయి. కారులో కూర్చున్నవారి కన్ను నేల నుంచి సుమారు 1.05 నుంచి 1.2 మీటర్ల ఎత్తులో ఉంటుందని అంచనా వేస్తారు. కూడలి మూలన మీటరున్నర నిండు గోడ ఉంటే, పక్క వీధిలోంచి సైకిలు మీద వచ్చే పిల్లవాడు ఆ డ్రైవరుకు గోడ దాటాకే కనిపిస్తాడు. అందుకే జాతీయ నియమావళి మూల స్థలాల్లో కూడలికి రెండు వైపులా 10 మీటర్ల పొడవున నిండు గోడను 0.75 మీటర్లకే పరిమితం చేసి, ఆపైన కావాలంటే ఊచలు పెట్టుకోమంటుంది. ఇంగ్లండులో కూడా, ప్రత్యేక అనుమతి అక్కరలేకుండా వాహనాలు తిరిగే రోడ్డు పక్కన 1 మీటరు వరకు, మిగతా చోట్ల 2 మీటర్ల వరకు మాత్రమే కట్టుకోనిస్తారు. గోడకే కాదు, దాని స్థానంలో పెంచే దట్టమైన మొక్కల కంచెకు కూడా మూల దగ్గర ఇదే పరిమితి ఉండాలని మీ సూచనల్లో తప్పక రాయండి, ముసాయిదాలు ఎక్కువగా మరిచిపోయేది దీన్నే.

గేటు రెక్కలు లోపలికే తెరుచుకోవాలనీ, గోడ పునాది కాలువను మూయకూడదనీ, వర్షపు నీరు సహజంగా పారే దారిలో గోడ అడుగున తూములు వదలాలనీ కూడా చేర్చండి.

ప్రశ్న: నాకు ఇళ్ల మధ్యలో ఒక గోదాము ఉంది. దొంగతనాల భయంతో గోడ పైన ముళ్లతీగ, దాని మీద విద్యుత్ కంచె వేయాలనుకుంటున్నాను. కొత్త నిబంధనల్లో వ్యాపార స్థలాలకు వేరే వెసులుబాటు అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. సరుకు నిల్వ ఉండే చోటుకూ, ఇంటి ముంగిలికీ ఒకే కొలత పెట్టడం సమంజసం కాదు. జాతీయ నియమావళి కూడా పరిశ్రమలు, ఆసుపత్రులు, పాఠశాలలు, విద్యుత్ ఉపకేంద్రాల వంటి వాటికి 2.4 మీటర్ల వరకు అనుమతించే అధికారం స్థానిక సంస్థకు ఇస్తుంది. అయితే మీ గోడకు అవతల ఉన్నది నివాసాలు కాబట్టి, వెసులుబాటుతో పాటు బాధ్యత కూడా వస్తుంది. ముళ్లతీగ దారిన పోయేవారి చేతికి, పిల్లల ముఖానికి తగలనంత ఎత్తునే ఉండాలి. అనేక నగరాలు దాన్ని ఆరడుగుల పైన మాత్రమే అనుమతిస్తాయి. తీగను పట్టే ఇనుప కోణాలు బయటి వైపు కాక మీ స్థలం వైపు వంగి ఉండాలి.

విద్యుత్ కంచె విషయంలో మాత్రం మరింత జాగ్రత్త అవసరం. ఇంటి కరెంటును నేరుగా తీగకు కలపడం ప్రాణాలు తీసే పని, ఏ కారణంతోనూ దాన్ని సమర్థించలేము. ఈ కంచెలకు ప్రత్యేకంగా తయారయ్యే పరికరం, క్షణమాత్రం ఉండే విద్యుత్ తాకిడిని (పల్సును) సెకనుకు ఒకటికి మించకుండా పంపుతుంది. తాకిన మనిషి ఆ విరామంలో చేయి వెనక్కి తీసుకోగలుగుతాడు. అంతర్జాతీయ ప్రమాణం ఐఇసి 60335-2-76 వర్తించేది ఈ పరికరానికే. ఆ ప్రమాణానికి సరిపోయిన పరికరం, చదువు రానివారికీ అర్థమయ్యే బొమ్మతో హెచ్చరిక పలకలు, ఏటా ఒక తనిఖీ, ఈ మూడూ ఉంటేనే అనుమతి ఇవ్వాలని మీరే ముందుకొచ్చి అడగండి. అప్పుడు పొరుగువారి అభ్యంతరం కూడా చాలావరకు తగ్గుతుంది. లారీలు సరుకు దించే వైపు ఇళ్లుంటే, అక్కడ జాలీ కంటే ఖాళీలు లేని నిండు గోడే మేలు, ఎందుకంటే శబ్దం తగ్గాలంటే అడ్డులో సందులు ఉండకూడదు.

ప్రశ్న: మా ప్రహరీ ఇరవై ఏళ్ల కిందటిది. అప్పటి అనుమతి ప్రకారమే కట్టాము. కొత్త పరిమితి కంటే ఒక అడుగు ఎక్కువుంది. కూలగొట్టమంటారా?

జవాబు: ముసాయిదాలో పాత నిర్మాణాల గురించి ఏముందో ముందుగా చూడండి, ఏమీ లేకపోతే అదే మీ మొదటి అభ్యంతరం కావాలి. కట్టిన నాటి నిబంధనలకు లోబడి ఉన్న గోడను అలాగే ఉండనిచ్చి, దాన్ని పడగొట్టి మళ్లీ కట్టేటప్పుడు మాత్రం కొత్త నిబంధన వర్తింపజేయడం చాలా నగరాలు పాటించే పద్ధతి. చిన్న మరమ్మతుకూ, పునర్నిర్మాణానికీ మధ్య గీత ఎక్కడో నిబంధనలోనే రాయించాలి. మీది మూల స్థలమై, గోడ కూడలిలో చూపును మూస్తుంటే మాత్రం ఈ రక్షణ కోరడం సరికాదు. అలాంటి చోట్ల గడువు ఇచ్చి ఎత్తు తగ్గించమనడం న్యాయం. పాత అనుమతి పత్రం, నక్షా వెతికి ఇప్పుడే నకళ్లు తీయించి పెట్టుకోండి.

ప్రశ్న: పొరుగువారు హద్దు మీద కట్టిన గోడ నాలుగు అంగుళాలు మా స్థలంలోకి వచ్చింది. కొత్త నిబంధనలతో ఇది తేలుతుందా?

జవాబు: తేలదు. ప్రహరీ నిబంధన ఎత్తును, రకాన్ని, భద్రతను నియంత్రిస్తుంది తప్ప హద్దు ఎవరిదో నిర్ణయించదు. నగరపాలక సంస్థ ఇచ్చిన గోడ అనుమతి భూమి మీద హక్కు పత్రం కూడా కాదు. సర్వేయరుతో ఇద్దరి సమక్షంలో కొలిపించి, ఆ కొలత పత్రం మీద ఇద్దరూ సంతకాలు చేయడం మొదటి మెట్టు. పొరుగువారు అందుకు ఒప్పుకోకపోతే సివిలు కోర్టుకు వెళ్లవలసిందే.