చిన్నోడికి, ఒక్కపొద్దు సంగతి

చిన్నోడా,

మొన్న ఫోన్లో నువ్వడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేదు. పక్కన మీ అమ్మ గొంతు వినిపించింది, ఎందుకొచ్చిందిలే అని ఊరుకున్నా. ఉద్యోగం మారాలో వద్దో తేలడం లేదు, రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు, మూడు రోజులు మంచినీళ్ల మీద ఉంటే బుర్ర తేటపడుతుందని వీడియోలో చూశానన్నావు. మూడు రోజులు వద్దు నాయనా. ముందు ఒక్క పగలు ఉండి చూడు. పొట్టి శ్రీరాములుగారు 1952లో 58 రోజులు అన్నం ముట్టకుండా ప్రాణం వదిలారంటే, ఆయనకు అడగాల్సింది ఒకటుంది, వినాల్సిన ప్రభుత్వం ఒకటుంది. నువ్వు ఎవరి మీద దీక్ష పడతావు?

నంద్యాలలో నేను మెస్ నడిపింది 28 ఏళ్లు. పగలు 70 భోజనాలు, మొదట్లో రాత్రికి 40 క్యారియర్లు కూడా. అందులో 20 ఏళ్లకు పైగా ప్రతి శనివారం ఒక్కపొద్దు ఉన్నాను. తెల్లారినుంచి గుండిగల మధ్య నిలబడి, పొద్దుగూకేదాకా మెతుకు ముట్టకుండా ఉన్నదాన్ని కాబట్టి నీకు నాలుగు మాటలు చెప్పొచ్చనుకుంటా.

మొదలుపెట్టింది జ్ఞానం కోసమేమీ కాదులే. మీ పెదనాన్నకు ఆపరేషన్ అయినప్పుడు వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నా. మొదటి శనివారం పదకొండు కొట్టేసరికి తల పగిలిపోతోంది. పప్పుకి తిరగమాత పెడుతుంటే ఎండుమిరపకాయ, ఇంగువ వాసన కడుపులోకి దూరి పిండేసింది. సరిగ్గా అప్పుడే ఒక లెక్చరర్ పెరుగు పల్చగా ఉందన్నాడు. అందరి ముందూ ఆయన్ని కసిరేశాను. ఏమన్నానో ఇప్పటికీ గుర్తుంది, ఇక్కడ రాయను. ఆయన సగం తిన్న విస్తరి అలాగే మడిచి లేచిపోయాడు, ఆ తర్వాత మా మెస్ మెట్లెక్కలేదు. సాయంత్రం దీపం పెట్టి తినబోతే నాకు ముద్ద దిగలేదు.

మరుసటి వారం మాకు కూరగాయలు వేసే సాయిబుగారికి ఈ మాట చెప్పుకున్నా. ఆయన రంజాన్ నెలంతా ఎండలో బస్తాలు మోస్తూ కూడా గుక్కెడు నీళ్లు ముట్టేవాడు కాదు. "కడుపొక్కటే ఒక్కపొద్దుంటే చాలదక్కా, నోరు కూడా ఉండాల" అన్నాడు. అప్పటినుంచి శనివారం పెరుగు గురించి ఎవరేమన్నా తల ఊపి ఇంకో గరిటె వేయడం నేర్చుకున్నా.

కాబట్టి ముందే చెప్తున్నా, మొదటి నాలుగైదు సార్లు తేటదనం గీటదనం ఏమీ ఉండదు. చిరాకు వస్తుంది. అది కొత్తగా ఎక్కడినుంచో ఊడిపడేది కాదు, రోజూ ఉండేదే. టిఫినూ, టీ, మధ్యలో ఇంత మిక్చరూ వేసి దాని నోరు మూయిస్తుంటాం. ఆ ఒక్క రోజు మూత తీస్తాం. ఏం బయటికొస్తుందో చూడు. చూడటమే ఆ రోజు నీ పని.

తలనొప్పిది మాత్రం వేరే కథ. మా మెస్‌లో తిని డాక్టరీ చదివిన అబ్బాయి చెప్పాడు, అది ఆకలి వల్ల వచ్చింది కాదమ్మా, కాఫీ ఒక్కసారిగా మానేసినందుకు అని. రోజుకు నాలుగు కాఫీలు తాగేదాన్ని అప్పుడు. నువ్వూ అంతే కదా. నాలుగైదు రోజుల ముందునుంచి ఒక్కో కప్పూ తగ్గించుకుంటూ రా. ఆకలికీ ఒక టైముంటుంది. రోజూ ఒంటిగంటకు తినేవాడికి ఒంటిగంటకే కడుపులో గంట కొడుతుంది. ఓ ముప్పావుగంట పట్టించుకోకపోతే దానంతటదే సద్దుమణుగుతుంది, మళ్లీ రాత్రి భోజనం వేళకు లేస్తుంది. మొదటిసారి ఇది గమనించినప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది. అడిగినప్పుడల్లా పెట్టక్కర్లేదన్నమాట!

ఆ వీడియోలో నోబెల్ ప్రైజ్ సంగతి కూడా చెప్పే ఉంటారు. నాకూ వాట్సాప్‌లో వచ్చింది, మన ఏకాదశికే నోబెల్ ఇచ్చేసినట్టు. ఆ డాక్టరబ్బాయినే అడిగా. 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమికి వచ్చిన మాట నిజమేనట, కణాలు తమలోని పాత సరుకును తామే అరిగించుకునే తీరు కనిపెట్టినందుకు. ఆయన ముఖ్యంగా ఆ పని చేసింది ఈస్టు మీద, బన్ను పిండి పొంగడానికి వేస్తారే, అది. ఉద్యోగం మారాలో వద్దో ఈస్టుకేం తెలుస్తుంది?

ఇక ఎలా ఉండాలో చెప్తా. ఆఫీసు లేని రోజు చూసుకో. ముందు రోజు రాత్రి పెళ్లి భోజనంలా పట్టించకుండా మామూలుగా తిను. పగలంతా నీళ్లు తాగు, కావాలంటే చిటికెడు ఉప్పేసి పల్చటి మజ్జిగ తాగు. నీళ్లు కూడా మానేసే మొండితనం వద్దు. బండి మీద దూరాలు పోవద్దు. ఎవరికీ చెప్పకు, స్టేటస్ అసలే పెట్టకు. మనవాళ్లు ఏకాదశికి అన్నం మానేసి పూరీలు, ఉప్మా, పైన నాలుగు అరటిపండ్లు లాగించడం నువ్వు చూసిందే. ఫలాలు తిని ఉండమని పెట్టిన ఫలాహారం మన నోట్లో పడి పలహారమైంది, పలహారం కాస్తా టిఫినైంది. అలా చేసేటట్టయితే హాయిగా అన్నమే తిను.

అసలు చిక్కంతా మిగిలిన టైంతోనే. వండటం, తినడం, ఏం తెప్పించుకుందామా అని వెతకడం, తిన్నాక కునుకు, అన్నీ కలిపితే మూడు నాలుగు గంటలు తేలుతుంది. ఆ టైంలో ఫోన్ పట్టుకుంటే కడుపుకి మానేసింది కళ్లకు పెట్టినట్టే. బీరువాలో పడేసి తాళం వెయ్. చేతులకు పనుండేది ఏదైనా చెయ్, బట్టలు మడత పెట్టు, గది ఊడువు. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని, తినాలనిపించినప్పుడల్లా టైమూ, ఆ నిమిషాన మనసులో ఏం నడుస్తోందో ఒక ముక్కా రాయి. నేను పాల లెక్క పుస్తకంలో వెనక పేజీల్లో రాసేదాన్ని.

దానివల్లే నాకొకటి తెలిసింది. మూడు గంటలకు ఆఖరి భోజనం అయిపోయి బల్లలు తుడిచాక, మామూలు రోజుల్లో మిగిలిన అప్పడాలో బూందీనో నోట్లో వేసుకుంటూ కూర్చునేదాన్ని. ఆకలే అనుకునేదాన్ని. శనివారాలు రాసుకున్నది తిరగేస్తే ప్రతి వారం అదే మూడు గంటలు. ఒంటిగంట ఆకలి కడుపులో తెలిసేది, ఈ మూడు గంటలది గొంతు దగ్గర తెలిసేది. పక్కన రాసినవి చూస్తే "మళ్లీ రాత్రి క్యారియర్లు", "40 క్యారియర్లు", ఒకచోటైతే ఒట్టి "రాత్రి". రాత్రి వంట నాకు ఇష్టం లేదు. ఆ సంగతి నాకు నేనే చెప్పుకోలేక అప్పడాలు నములుతున్నానని తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది. మీ పెదనాన్నకు చెప్పడానికి ఇంకో ఏడాది. చివరికి క్యారియర్లు మానేశాం. డబ్బు బాగానే తగ్గింది, అదీ చెప్పాలి కదా.

నీ ఉద్యోగం సంగతి మాత్రం ఒక్కపొద్దు రోజు తేల్చకు. ఖాళీ కడుపుతో అన్నీ గొప్పగానో, అన్నీ దరిద్రంగానో కనిపిస్తాయి. రాసి పెట్టుకుని మర్నాడు కడుపునిండా తిన్నాక చదువు. అప్పటికీ అది నిజంలాగే ఉంటే ఆలోచిద్దాం.

పొద్దుగూకాక తినేటప్పుడు తొందరపడకు. మూడో వారమో నాలుగో వారమో, కాచుకుని కాచుకుని ఆరున్నరకు నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నా. ఆ రాత్రంతా కడుపు పట్టుకుని గోడకానుకుని కూర్చున్నా. ముందు గ్లాసు మజ్జిగ తాగు, ఓ పావుగంట ఆగి మెత్తటి అన్నంలో పెసరకట్టు పోసుకో. మొదటి ముద్ద నెమ్మదిగా నములు. వండిందాన్ని నేనే అయినా, పెసరకట్టులో ఇంత రుచుందా అనిపించేది నాకు.

షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, అల్సరున్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఈ జోలికి పోకూడదు. లావైపోతామని తిండంటేనే భయపడే పిల్లలకైతే అసలే వద్దు. నీకలాంటివి లేవనే అనుకుంటున్నా, ఉంటే ఇక్కడే ఆపెయ్. కళ్లు తిరిగినా, చెమటలు పట్టినా, చేతులు వణికినా వెంటనే ఏదో ఒకటి తినెయ్, స్వామి ఏమీ అనుకోడు. ఆ నిద్ర పట్టకపోవడం ఇలాగే సాగితే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లు, దానికి నా దగ్గర మందు లేదు.

నాకూ 58 ఏళ్లప్పుడు షుగర్ వచ్చింది. డాక్టరమ్మ ఒక్కపొద్దులు కట్ అంది. వారం రోజులు బెంగ పెట్టుకున్నా. గుళ్లో పురాణం చెప్పే పంతులుగారు నవ్వి, వ్రతం నాలుగు రకాలమ్మా అన్నారు. ఒకపూట తింటే ఏకభుక్తం, చుక్క చూశాక తింటే నక్తం, ఏమీ తినకపోతే ఉపవాసం. ఇంకోటి అయాచితం, అంటే ఎవరినీ ఏదీ అడగకుండా పెట్టింది తినడం. ఇప్పుడు శనివారాలు నాది అదే. కోడలు వేళకు పెట్టింది పెట్టినట్టు తింటున్నా, ఉప్పు తక్కువైనా అడగకూడదు. అన్నేళ్ల ఒక్కపొద్దుల్లో పడని అవస్థ ఇందులో పడుతున్నా. గీతలో రెండో అధ్యాయంలో "రసవర్జం" అని ఒక మాట ఉంది, తిండి మానినవాడికి వస్తువులు దూరమవుతాయి గానీ వాటి మీది రుచి మిగిలే ఉంటుందని. పంతులుగారు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, మొన్న సొరకాయ కూర ముందు కూర్చున్నప్పుడు ఎక్కింది. ఉప్పు డబ్బా చెయ్యి చాచితే అందేంత దూరంలోనే ఉంది.

కార్తీకంలో మహానంది వస్తానన్నావు కదా, సోమవారం పడేట్టు చూసుకో. కోనేట్లో స్నానం చేసి, పగలంతా ఉండి, ఇంటికొచ్చి డాబా మీద చుక్క చూశాక తిందువు. పెసరపప్పు వేసి ఉప్పిండి చేసి పెడతా. నోట్‌బుక్ తెచ్చుకో. నేను చదవనులే.

మీ పెద్దమ్మ