వెండి బిళ్ల మీద ఎగిరే పళ్లెం: మేనకోడలికి మావయ్య ఉత్తరం

చింతాద్రిపేట, చెన్నై

చిరంజీవి అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. కోడిగుడ్డు ఆకారంలో, ఎగిరే పళ్లెం (యూఎఫ్ఓ) బొమ్మతో ఉన్న ఆ కెనడా వెండి నాణెం చాలా బాగుంది. వేళచ్చేరిలో ఎవరో అమ్ముతానన్నారనీ, రెండు రోజుల్లో ఏ సంగతీ చెప్పకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తానంటున్నారనీ రాశావు. ఇచ్చుకోనీ. నాణేల బేరంలో తొందరపెట్టేవాడి దగ్గర కొనకపోవడం వల్ల పోయేదేమీ ఉండదు. ఇది కాకపోతే ఇంకోటి దొరుకుతుంది. నువ్వు ముందు కొన్ని విషయాలు తెలుసుకుని, ఆ తర్వాత డబ్బు తియ్యి.

ఇలాంటి నాణేనికి ఇచ్చే ధరలో మూడు భాగాలుంటాయి. ఒకటి వెండి ఖరీదు. రెండోది పనితనం, అంటే మన కొట్టు భాషలో మజూరీ. మూడోది దాని వెనకున్న కథ, ఆ కథ కోసం ఎగబడే జనం. ఎన్‌.ఎస్‌.సి. బోస్ రోడ్డులో వెండి లెక్కలు రాసినన్నాళ్లూ నేను మొదటి రెండే చూశాను. నువ్వు కొనబోయేదానిలో మూడోదే పెద్దది. నీ నాణెం సంగతే తీసుకో. దాన్ని రాయల్ కెనడియన్ మింట్ (కెనడా సర్కారు టంకసాల) 2018లో వేసింది. 99.99 శాతం వెండి, ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు. ముఖవిలువ 20 డాలర్లు. మింట్ అమ్మిన ధర దాదాపు 130 కెనడా డాలర్లు. ఆ రోజుల్లో ఔన్సు వెండి కూడా 20 కెనడా డాలర్లకు కాస్త అటూ ఇటూగానే ఉండేది. అంటే మిగతా నూట పది డాలర్లు జనం దేనికిచ్చినట్టు? ఆకారానికి, రంగుకి, 4,000 మాత్రమే వేశారన్న మాటకి, అన్నిటికంటే ఎక్కువగా ఫాల్కన్ లేక్ అన్న పేరుకి. కాబట్టి ఆ పేరు వెనక ఏముందో తెలియకుండా కొంటే నీ డబ్బులో ఎక్కువ భాగం ఎందుకు పెట్టావో నీకే తెలియనట్టు.

ఏముందో చెబుతాను. 1967 మే 20న కెనడాలోని మానిటోబా రాష్ట్రంలో, ఫాల్కన్ లేక్ దగ్గర అడవిలో స్టెఫాన్ మిహలక్ అనే ఆయన రాళ్లు కొట్టుకుంటూ తిరుగుతున్నాడు. విన్నిపెగ్‌లో మెకానిక్ ఆయన. తీరిక దొరికితే క్వార్ట్జ్, వెండి జాడల కోసం వెతకడం అలవాటు. (వెండి వెతుక్కుంటూ వెళ్లినవాడి కథ చివరికి వెండి మీదే అచ్చయింది చూడు.) ఎర్రగా మెరుస్తున్న రెండు వస్తువులు దిగి వచ్చాయనీ, ఒకటి బండ మీద వాలిందనీ, తను దగ్గరికెళ్లి ముట్టుకుంటే చేతి గ్లౌజు కరిగిందనీ, అది లేచేటప్పుడు వేడి గాలి కొట్టి చొక్కా అంటుకుందనీ చెప్పాడు. పొట్ట మీద, ఛాతీ మీద గళ్లు గళ్లుగా కాలిన మచ్చలు తేలాయి. తర్వాత ఆయన చాలా కాలం నలతగా ఉన్నాడు. అమెరికాలో మేయో క్లినిక్‌లో కూడా చూపించుకున్నాడు. పోలీసులు, వైమానిక దళం విచారణ చేశారు. నమ్మినవాళ్లున్నారు, అసలు నమ్మనివాళ్లూ ఉన్నారు. ఫైలు మాత్రం జవాబు దొరకకుండానే మిగిలింది. మింట్ కూడా దీన్ని అంతుచిక్కని ఘటనల వరసలోనే వేసింది. సర్కారు మింట్ నాణెం వేసింది కాబట్టి ఎగిరే పళ్లెం వచ్చిందని కెనడా ఒప్పుకున్నట్టే అని ఎవరైనా అంటే, ఆ మనిషి మాట అక్కడితో ఆపేయి.

ఆ తర్వాత కూడా ఆ వరస సాగింది. 2019లో వచ్చిన షాగ్ హార్బర్ నాకు అన్నిటిలోకీ ఇష్టం. 1967 అక్టోబర్ 4 రాత్రి నోవా స్కోషియా తీరంలో దీపాలు సముద్రంలోకి దిగడం ఊళ్లో చాలామంది చూశారు. విమానం కూలిందనుకుని పోలీసులకు చెప్పారు. చేపలు పట్టేవాళ్లు పడవలేసుకుని వెళితే నీళ్ల మీద పసుపుపచ్చటి నురగ కనిపించింది తప్ప మనుషులు లేరు, శకలాలు లేవు. ఆరా తీస్తే ఏ విమానమూ తప్పిపోలేదు. నేవీ గజ ఈతగాళ్లు దిగి వెతికినా ఏమీ దొరకలేదు. ఒక్కడు చెప్పిన కథకీ, ఊళ్లో చాలామంది చూసి, ప్రాణాలు కాపాడదామని పరిగెత్తిన కథకీ తేడా ఉంది. నా మటుకు రెండోదే బరువైనది. 2020లో క్లారెన్‌విల్ వచ్చింది. న్యూఫౌండ్‌లాండ్‌లో 1978లో ఒక పోలీసు కానిస్టేబుల్ చాలా సేపు టెలిస్కోప్‌తో చూసిన ఘటన అది. 2021లో డంకన్. అది 1970 జనవరిలో ఆసుపత్రి నర్సులు కిటికీలోంచి చూశామన్న సంగతి. వీటిలో నీకు ఏది నిజంగా మనసుకి పట్టిందో చూసుకుని దాన్ని కొను. వరసంతా పూర్తి చేయాలన్న పంతం వద్దు. ఆ పంతం మొదలైతే ఇష్టం లేనివాటికి కూడా ఎక్కువ ఇచ్చి కొంటావు.

ఇక నువ్వు ఆన్‌లైన్‌లో చూశానన్న రాస్‌వెల్ బిళ్లల సంగతి. 1947 జూలైలో న్యూ మెక్సికోలో ఏదో కూలిందన్న కథ అది. 1994లో అమెరికా వైమానిక దళం అది ప్రాజెక్ట్ మోగల్ అనే రహస్య బెలూన్ల తాలూకు సామాను అని నివేదిక ఇచ్చింది. దాని మీద వచ్చే వెండి బిళ్లల్లో చాలా వాటిని ప్రైవేటు కంపెనీలు పోస్తాయి. వాటిని రౌండ్లంటారు. వాటికి ముఖవిలువ ఉండదు, ఏ దేశమూ పూచీ పడదు. ఎన్ని పోశారో చాలాసార్లు లెక్క ఉండదు, మళ్లీ పోయకూడదన్న నియమమూ ఉండదు. చెడ్డవని అనను. బొమ్మ బాగుంటే, వెండి ధర మీద కొంచెమే ఎక్కువ పెట్టి కొనుక్కో. నాణెం ధర మాత్రం ఇవ్వకు. ఇంకో రకం ఉంది. నియుయే, కుక్ ఐలాండ్స్, పలావు లాంటి చిన్న ద్వీప దేశాల పేరు మీద వచ్చే నాణేలు. వాటికి ముఖవిలువ ఉంటుంది, చట్టప్రకారం నాణేలే. అచ్చు వేసేది మాత్రం వేరే దేశాల్లో. వాటి విషయంలో ముఖ్యంగా చూడాల్సింది ఎన్ని వేశారన్న అంకె.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది 'సిల్వర్ ప్లేటెడ్', 'సిల్వర్ క్లాడ్', 'జర్మన్ సిల్వర్' అన్న మాటల దగ్గర. మొదటి రెండింటిలో వెండి పైపొర మాత్రమే. జర్మన్ సిల్వర్‌లో వెండి చుక్క కూడా ఉండదు. రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. టి.నగర్‌లో పూజ సామాను కొన్నప్పుడు మీ అమ్మకు తెలుసు ఈ సంగతి. వెబ్‌సైట్‌లో మాత్రం 'ఒక ఔన్స్' అని పెద్దక్షరాల్లో రాసి, లోహం పేరు కింద ఎక్కడో చిన్నగా పెడతారు. ఔన్సు బరువున్నంత మాత్రాన ఔన్సు వెండి కాదు. 999 అనో 9999 అనో స్వచ్ఛత అంకె ఉందా అని వెతుకు. 925 ఉంటే స్టెర్లింగ్, అందులో 7.5 శాతం వేరే లోహం. స్వచ్ఛత అంకె ఎంత ముఖ్యమో మన పాత రూపాయల్లోనే కనిపిస్తుంది. ఐదో జార్జి రూపాయిలో 91.7 శాతం వెండి. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయిలో సగమే. బొమ్మ ఇంచుమించు ఒకలాగే ఉన్నా కాటా మీద పెట్టి ధర కట్టినప్పుడు రెండూ ఒకటి కావు.

పరీక్ష ఎలా చేయాలో చెబుతాను, ఇది ఓపిగ్గా చదువు. ముందు ఆ నాణెం అసలు బరువు, కొలతలు, మందం మింట్ ఏమని ప్రకటించిందో రాసుకో. గ్రాములో వందో వంతు చూపించే చిన్న కాటా, డిజిటల్ క్యాలిపర్ (మందం కొలిచే పనిముట్టు) కొనుక్కో. రెండూ కలిపి పెద్ద ఖర్చేమీ కాదు. వెండి సాంద్రత 10.49, రాగిది 8.96. కాబట్టి రాగి బిళ్లకు వెండి పూత వేసి అదే బరువు తేవాలంటే దాన్ని దళసరిగా చేయక తప్పదు. బరువు సరిపోయి మందం ఎక్కువైతే వదిలేయి. అయస్కాంతానికి అతుక్కుంటే మాట్లాడే పనే లేదు. బలమైన నియోడైమియం అయస్కాంతాన్ని వాలుగా పెట్టిన వెండి మీద వదిలితే మెల్లగా జారుతుంది. అయితే రాగి మీద కూడా మెల్లగానే జారుతుంది, కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్మకు. షావుకారుపేటలో నగల కొట్ల దగ్గర ఎక్స్‌ఆర్‌ఎఫ్ మెషిన్ (ఎక్స్-కిరణాలతో లోహం ఏమిటో చెప్పేది) పెట్టుకున్నవాళ్లున్నారు. అందులో పెడితే నిమిషంలో చెబుతారు. అది పైపొర మాత్రమే చదువుతుంది, మందమైన పూత ఉంటే మోసపోతుంది. అందుకే కొలతలతో కలిపి చూడాలి. రంగు వేసిన వైపు కాకుండా ఎలిజబెత్ రాణి బొమ్మ ఉన్న వైపు పెట్టమను.

ఇంకో మాట. అక్కడ పాతకాలం పెద్దవాళ్లు అలవాటు కొద్దీ గీటురాయి తీస్తారు. నాణేన్ని గీటురాయి మీద ఒక్కసారి గీసినా దాని కలెక్టర్ విలువ అక్కడితో సరి. మర్యాదగా వద్దని చెప్పి నాణెం చేతిలోకి తీసేసుకో. మొహమాటపడకు. నాణేన్ని అంచుల దగ్గర తప్ప ఎక్కడా పట్టుకోనివ్వకు. ప్రూఫ్ నాణెం (కలెక్టర్ల కోసం ప్రత్యేకంగా అచ్చు వేసేది) నేలభాగం అద్దంలా ఉంటుంది. ఒక్క వేలిముద్ర పడితే ముందు కనబడదు, కొన్ని నెలలకు గోధుమరంగు మచ్చగా తేలి అలాగే ఉండిపోతుంది.

నీ ఫాల్కన్ లేక్ నాణెంతో మింట్ ఒక చిన్న బ్లాక్‌లైట్ టార్చ్ (అతినీలలోహిత కాంతిది) ఇచ్చింది. చీకట్లో ఆ టార్చ్ వేస్తే రంగు భాగం వెలగాలి. అమ్మేవాళ్ల దగ్గర టార్చ్, పెట్టె, నంబరు వేసిన సర్టిఫికెట్ ఉన్నాయా అని అడుగు. టార్చ్ పోయిందంటే ధర తగ్గించమను. వెలుగు మచ్చలు మచ్చలుగా వస్తే ఎవరో తుడిచి ఉండొచ్చు. అలాంటిది కొనకు.

దీన్ని దాచడం మన ఊళ్లో పెద్ద పని. చెన్నైలో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తడిగానే ఉంటుంది. వెండిని నల్లబరిచేది గంధకం. గాలిలోని గంధకం తగిలి వెండి మీద సల్ఫైడ్ పొర కడుతుంది, తేమ దాన్ని ఇంకా త్వరపెడుతుంది. మా వీధి వెనక కూవం వాసన మీకందరికీ తెలిసిందే. ఆ వాసనలోనూ గంధకపు వాయువు ఉంటుంది. అత్తయ్య కుందులు తోమిన వారానికే మసకేస్తాయి. నీ నాణేన్ని రబ్బరు బ్యాండుతో చుట్టకు, న్యూస్‌పేపర్‌లో పెట్టకు, ఉన్ని గుడ్డలో అసలే వద్దు. వీటన్నిటిలో గంధకం ఉంటుంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు పీవీసీవైతే కొన్నేళ్లకు ఆకుపచ్చటి జిగురు వదులుతాయి. మింట్ ఇచ్చిన గట్టి క్యాప్సూల్‌లోనే ఉంచి, దాన్ని జిప్ కవర్‌లో సిలికా జెల్ పొట్లంతో పెట్టు. పొట్లాన్ని వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి మార్చు. స్టీలు బీరువాలో మధ్య అరలో ఉంచు, గోడకి ఆనించకు.

నల్లబడిందని దాన్ని విభూతితోనో, చింతపండుతోనో తోమకు. ఇంట్లో వెండి గిన్నెలకు అది సరే. నాణెం మీద సన్నటి గీతలు పడతాయి, రంగు లేచిపోతుంది, వెలిగే పొర పాడవుతుంది. బజార్లో దొరికే సిల్వర్ డిప్ కూడా ఇలాంటి రంగు నాణేలకు పనికిరాదు. నల్లబడిన నాణేన్ని నల్లగానే ఉండనీ. తోమిన నాణేన్ని తెలిసినవాడు దూరం నుంచే పట్టేస్తాడు.

విదేశం నుంచి నేరుగా తెప్పించాలంటే ఆర్డర్ పెట్టకముందే ఆ రోజుకు అమల్లో ఉన్న కస్టమ్స్ నియమాలు, డ్యూటీ చూసుకో. వెండి మీద నియమాలు తరచూ మారుతుంటాయి. వెండి ఉన్న పార్సిల్‌ను కొన్ని కొరియర్లు తీసుకోవు కూడా. టొరంటోలో ఉన్న మీ ఫ్రెండుని బ్యాగులో పెట్టుకు రమ్మంటే, దిగినప్పుడు డిక్లేర్ చేసి రమ్మనే చెప్పు, బిల్లు చేతిలో ఉంచుకోమను. నీ సరదా కోసం ఇంకొకరు ఎయిర్‌పోర్టులో టెన్షన్ పడకూడదు. ఇక్కడే కొట్లో కొంటే బిల్లు అడుగు. వెండి మీద 3 శాతం జీఎస్టీ ఉంటుంది. ఆ మూడు శాతం మిగులుతుందని బిల్లు వద్దనకు. రేపు అమ్మాల్సి వస్తే, పోతే, ఆ కాగితమే నీకు ఆధారం.

అమ్మడం గురించి కూడా ఇప్పుడే తెలుసుకో. బోస్ రోడ్డు కొట్లలో ఫాల్కన్ లేక్ అంటే ఎవరికీ తెలియదు. 31.1 గ్రాముల వెండికి ఆ రోజు ధర కట్టి, తరుగు తీసి చేతిలో పెడతారు. వాళ్ల తప్పేం లేదు, వాళ్లు కొనేది వెండినే. పూర్తి విలువ కావాలంటే ఆ కథ తెలిసిన కలెక్టరు దొరకాలి, దానికి నెలలు పట్టవచ్చు. అందుకని అత్యవసరానికి పనికొస్తుందని దీన్ని కొనకు. జీతంలోంచి సరదాకి పక్కన పెట్టిన డబ్బుతోనే కొను. ఎన్‌జీసీ, పీసీజీఎస్ లాంటి సంస్థలు గ్రేడ్ ఇచ్చి సీలు చేసిన నాణేలకు ఎక్కువ అడుగుతారు. అన్నిటికంటే పై గ్రేడైన 70 అన్న అంకె కోసం, 69 వచ్చినదానికి రెట్టింపు ఇవ్వడంలో నాకు అర్థం కనబడదు. ఆ తేడా మామూలు కంటికి కనిపించదు.

కొనేముందు ఒక ఆదివారం రా, ఎగ్మూర్ మ్యూజియంలో నాణేల విభాగం చూసొద్దాం. అసలు అచ్చు ఎలా ఉంటుందో, అంచు ఎంత పదునుగా ఉంటుందో కళ్లతో చూశాక ఫోటోల్లో తేడాలు నీకే పట్టుబడతాయి. ఈలోగా ఆ వేళచ్చేరి మనిషిని నాలుగు ఫోటోలు అడుగు: బొమ్మ వైపు, రాణి వైపు, పక్క నుంచి అంచు, సర్టిఫికెట్ నంబరు కనిపించేలా ఒకటి. కాటా మీద పెట్టి బరువు కూడా తీయమను. క్యాప్సూల్‌తో తీశారా, లేకుండా తీశారా అన్నది రాయమను. ఇవన్నీ ఇస్తే నాకు పంపు, ధర సంగతి అప్పుడు మాట్లాడదాం.

ఇట్లు,
మీ మావయ్య