సీసాకు ఐదు గ్లాసులు, తాగడానికి ఒక్కడు

తమ్ముడూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఊరు వదిలి ఇక్కడికి వచ్చి ఏడాదిన్నర అయిందనీ, వైన్ మీద ఆసక్తి కలిగిందనీ రాశావు. నలభై సీసాలు పట్టే వైన్ ఫ్రిజ్ కొనాలా వద్దా, ఏవి దాచుకోవాలి, ప్రయాణాల్లో కొన్నవి పగలకుండా ఎలా తెచ్చుకోవాలి అని అడిగావు. అంతా బాగానే ఉంది. ఆ నలభై సీసాలూ ఎవరితో తాగుతావో మాత్రం ఎక్కడా రాయలేదు. ఇరవై రెండేళ్ల క్రితం నేను రాసినా ఉత్తరం అచ్చం ఇలాగే ఉండేది. అందుకే ముందు నా భాగోతం విను.

నేను మొదటిసారి వైన్ ఆర్డర్ చేసింది ఆఫీసు వాళ్లతో వెళ్లిన రెస్టారెంట్‌లో. లిస్టు నా చేతికిచ్చారు. పేరు పలకడం రాక వేలితో చూపించాను. సర్వర్ సీసా తెచ్చి, లేబుల్ చూపించి, బిరడా తీసి, నా గ్లాసులో రెండు గుక్కలు పోసి పక్కన నిలబడ్డాడు. ఇంత పిసినారితనం ఏమిట్రా అనుకుంటూ ఆ రెండు గుక్కలూ తాగేసి, ఇంకా పొయ్యమన్నట్టు గ్లాసు ముందుకు జరిపాను. అతను నా మొహం చూస్తున్నాడు, నేను అతని మొహం చూస్తున్నాను. ఎదురుగా కూర్చున్నావిడ "బాగుందని చెప్పు" అని గొణిగితేగానీ కథ ముందుకు సాగలేదు. ఆ రెండు గుక్కలు సీసా చెడిపోయిందేమో చూసుకోమని పోస్తారు. బిరడాలోంచి టీసీఏ అనే పదార్థం దిగిన వైన్ తడిసిన అట్టపెట్టెలా కంపు కొడుతుంది. తాగినా ఒంటికి హాని లేదు గానీ పండు వాసన చచ్చిపోతుంది. అలాంటిది వెనక్కి పంపితే ఎవరూ ఏమీ అనుకోరు. వాసన చూసి తలాడిస్తే చాలు, అసలు తాగక్కర్లేదు కూడా.

ఇదంతా ఆ రోజు ఆవిణ్ణి అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేది. నేను అడగలేదు. సిగ్గేసి, ఇంటికెళ్లి తలుపేసుకుని, పుస్తకాలు ముందేసుకుని ఒక్కణ్ణే నేర్చుకోవడం మొదలుపెట్టాను. తర్వాత చేసిన తప్పులన్నిటికీ తల్లివేరు ఆ తలుపే.

ఒక లెక్క చెప్తాను. మామూలు సీసా 750 మిల్లీలీటర్లు. గ్లాసుకు 150 చొప్పున ఐదు గ్లాసులు. అది నలుగురు కూర్చునే బల్లకు సరిపోయే కొలత. నేను శుక్రవారం రాత్రి తీసి రెండు గ్లాసులు తాగేవాణ్ణి. మిగతాది మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది, తర్వాత గాలి తగిలి చప్పబడి పులుపెక్కుతుంది. పారబోయడానికి మనసొప్పేది కాదు. అందుకని మూడో గ్లాసు కూడా ఆ రాత్రే అయిపోయేది. కొన్నాళ్లకు నాలుగోది. ఏడాది తిరిగేసరికి శుక్రవారం తీసిన సీసా శనివారం చూసేది కాదు. దానికి నేను పెట్టుకున్న పేరు 'వైన్ స్టడీ'. 13 శాతం వైన్ సీసా మొత్తం తాగితే ఒంట్లోకి వెళ్లేది దాదాపు 98 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్. ఎంతలో ఉండాలో డాక్టర్ల లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి, నువ్వే చూసుకో. లెక్క చూసి ఆగిపోయానని గొప్పలు చెప్పను. ఒక శనివారం పొద్దున ఇంటినుంచి ఫోనొస్తే, నిన్న రాత్రి వాళ్లతో ఏం మాట్లాడానో గుర్తు రాలేదు. ఆ రోజు ఆగాను.

ఒంటరిగా ఉన్నవాడికి దారులు లేకపోలేదు. 375 మిల్లీలీటర్ల అర సీసాలు దొరుకుతాయి, రకాలు తక్కువే అయినా అడిగితే చూపిస్తారు. ఇంకోటి మదీరా. పోర్చుగల్ వాళ్ల ఆ దీవి వైన్ పీపాల్లో ఉష్ణమండలం దాటి ఓడల్లో వెళ్లేది. ఆ ఎండకు చెడిపోవాల్సింది పోయి రుచి తేలిందని గమనించి, ఇప్పుడు దాన్ని కావాలనే వేడిలో ఉంచి తయారుచేస్తారు. అప్పటికే ఎండా గాలీ తిని రాటుదేలిన వైన్ కాబట్టి మూత తీశాక నెలల తరబడి నిలుస్తుంది. కాకపోతే 19 శాతం దాకా ఉంటుంది, చిన్న గ్లాసుతో సరిపెట్టుకోవాలి. 2013లో కొరావిన్ అనే పరికరం కూడా వచ్చింది. బిరడా తీయకుండా సన్నటి సూది గుచ్చి, లోపలికి ఆర్గాన్ వాయువు పంపి, ఒక్క గ్లాసు వంపుకోవచ్చు. నా దగ్గరా ఉంది. మొదట్లో కనబడ్డవాడికల్లా చూపించేవాణ్ణి. మనిషిని పిలవడానికి బద్ధకించి ఇంత ఇంజనీరింగా అని ఒక రోజు నాకే నవ్వొచ్చింది.

ఇక దాచుకోవడం. పాతబడేకొద్దీ వైన్ బాగుంటుందని ఎవరో అంటే విని, బోజొలే నూవో సీసాను ఆరేళ్లు దాచిన మహానుభావుణ్ణి నేను. అది ఏటా నవంబరు మూడో గురువారం విడుదలయ్యే కొత్త పంట వైన్. తాజాగా, కొన్ని నెలల్లో తాగెయ్యాలి. ఆరేళ్ల తర్వాత తీస్తే రంగు తప్ప ఏమీ మిగల్లేదు. లోకంలో తయారయ్యే వైన్‌లో చాలా భాగం ఒకటి రెండేళ్లలో తాగడానికి చేసిందే. దాస్తే బాగుపడేవి కొన్నే: ఫ్రాన్సు వాళ్ల మంచి బోర్డో, ఇటలీ బరోలో, పోర్చుగల్ వింటేజ్ పోర్ట్, జర్మనీలో మోజెల్ లోయ రీస్లింగ్ లాంటివి. ఎర్రవాటిలో వగరు, తెల్లవాటిలో పులుపు గట్టిగా ఉండాలి, అవే ఏళ్ల తరబడి కాపాడతాయి. కొంటే ఒకే రకం మూడు కొను. మూడేళ్లకొకటి తీస్తే మార్పు నాలుకకే తెలుస్తుంది.

నా అసలు దెబ్బ 2005 బోర్డో. ఆ ఏడాది పంట గొప్పదని అందరూ అంటుంటే ఆరు సీసాలు కొన్నాను. మంచి రోజు వస్తే, మంచి మనుషులు వస్తే తీద్దామని వంటింట్లో ఫ్రిజ్ మీద నిలబెట్టాను. అంతకన్నా చెడ్డ చోటు ఇంట్లో ఇంకోటి లేదు. వేడి, వెలుతురు, మోటారు అదురు, మూడూ ఉన్నాయి. పైగా నిలబెడితే బిరడా ఎండి గాలి దూరుతుంది. పడుకోబెట్టాలి, 12, 13 డిగ్రీల దగ్గర, చీకట్లో. స్క్రూ మూత ఉన్నవైతే ఎలా పెట్టినా ఒకటే. తొమ్మిదేళ్లకు చూస్తే ఒక సీసాకు బిరడా మూతిలోంచి గోరంత పైకి లేచి ఉంది, రేకు కింద జిగట కారి ఎండిపోయింది. ఎండాకాలం వేడికి వైన్ ఉబ్బి బిరడాను తోసింది, చల్లబడ్డాక గాలి పీల్చుకుంది. గ్లాసులో పోస్తే ఇటుక రంగు, ఉడికి మాడిన పండు వాసన. ఆరింటిలో ఐదు అంతే. తొమ్మిదేళ్లలో పక్క ఫ్లాటతను, ఆఫీసువాళ్లు, రైల్లో రోజూ పలకరించే పెద్దాయన, ఎవరిని పిలిచినా వచ్చేవాళ్లే. మంచి మనుషుల కోసం చూస్తూ ఉన్న మనుషులెవర్నీ పిలవలేదు.

ప్రయాణాల సంగతి. మోజెల్ వెళ్లాను, నిలువు కొండల మీద పలకరాళ్ల మధ్య తోటలు. రుచి చూడమని పోసినప్పుడు పక్కన ఉమ్మడానికి కుండ పెడతారు. ఇచ్చింది ఉమ్మడం మర్యాద కాదనుకుని అన్నీ మింగాను. నాలుగో సెల్లార్ దగ్గరకొచ్చేసరికి తీపీ పులుపూ తేడా తెలియడం మానేసింది. అప్పుడే పన్నెండు సీసాలు కొన్నాను. ఉమ్మేవాణ్ణే అక్కడ పనితెలిసిన వాడనుకుంటారు, నువ్వు మొహమాటపడకు. బండి నడపాల్సి ఉంటే ఇంకా ముఖ్యం. ద్రాక్ష కోతల కాలంలో, ఉత్తరార్ధగోళంలో సెప్టెంబరు, అక్టోబరుల్లో, చెప్పకుండా వెళ్లకు. వాళ్లకు నీతో మాట్లాడే తీరికుండదు. మాట్లాడకపోతే వెళ్లి ఏం లాభం? సీసాలు అంగట్లోనూ దొరుకుతాయి. సూట్‌కేసులో పెట్టేటప్పుడు ఒక్కో సీసాను విడివిడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టి, బట్టల నడిమధ్య, అంచుకు తగలకుండా పెట్టు. నేను కవరు లేకుండా తెల్ల చొక్కాల మధ్య ఎర్ర వైన్ పెట్టాను, తర్వాత ఏమైందో ఊహించుకో. చేతి సంచిలో చాలా విమానాశ్రయాల్లో 100 మిల్లీలీటర్లు మించనివ్వరు. కస్టమ్స్ పరిమితులు దేశానికొకటి, వెళ్లేముందు వాళ్ల సైట్లో చూసుకో.

నాకు బాగా కలిసొచ్చిన ప్రయాణం జార్జియా దేశానికి, అమెరికాలో ఉన్న రాష్ట్రం కాదు. అక్కడ ఎనిమిది వేల ఏళ్ల నాటి మట్టిపాత్రల్లో వైన్ ఆనవాళ్లు దొరికాయి. ఇప్పటికీ క్వెవ్రి అనే గుడ్డు ఆకారపు కుండల్ని మెడదాకా నేలలో పాతి అందులో పులియబెడతారు. వాళ్ల విందులో తమదా అని ఒక పెద్ద ఉంటాడు. ఆయన లేచి ఒక మాట చెప్పాక గ్లాసులు లేస్తాయి. చనిపోయినవాళ్ల పేరున, అతిథి పేరున, ఒక్కో గ్లాసుకు ఒక్కో మాట. నా వంతు వచ్చేసరికి ఏం చెప్పాలో తోచలేదు. పదేళ్ల వైన్ పరిజ్ఞానం ఉంది, ఒక మనిషి పేరున చెప్పడానికి మాట లేదు.

తిరిగొచ్చాక నెలకోసారి ఎనిమిదిమందిని పిలవడం మొదలుపెట్టాను. తలా ఒక సీసా తేవాలి, కాగితం చుట్టి లేబుల్ దాచేస్తాం. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషు వైన్ వ్యాపారి అలా దాచి పోసినప్పుడే కదా ఫ్రెంచి న్యాయనిర్ణేతల చేతులతో కాలిఫోర్నియా వైన్లకు మొదటి స్థానం వచ్చింది. రుచి చూడ్డానికి 50 మిల్లీలీటర్లు చాలు, సీసాకు పదిహేను మంది పడతారు. ఒక్కణ్ణే ఎన్నటికీ కొనలేని సీసాలు అలా రుచి చూశాను. మొదటి నెల ముగ్గురే వచ్చారు, అందులో ఒకాయన వైన్ తాగడు. కంగారుపడకు.

ఫ్రిజ్ అడిగావు కదా. పన్నెండు సీసాలది తీసుకో, నలభైది వద్దు. సీసా మెడకు చిన్న చీటీ కట్టి, ఏ ఏడాది తియ్యాలో, ఎవరితో తియ్యాలో రాయి. పేరు తోచకపోతే ఆ సీసా అంగట్లోనే వదిలెయ్యి. నా దగ్గర ఇప్పుడు ముప్ఫై ఒకటి ఉన్నాయి. రెండు చీటీల మీద పేర్లు కొట్టేసి ఉన్నాయి, ఒకరు ఊరు మారారు, ఒకరు తాగడం మానేశారు. ఆ 2005లో మిగిలిన ఒక్కదాని మీద పక్క ఫ్లాటతని పేరుంది. వచ్చే నెల అతని రిటైర్మెంట్. మడ్డి అడుక్కి దిగాలి కాబట్టి రెండు రోజుల ముందే నిలబెట్టాలి, మర్చిపోకుండా ఫోన్‌లో అలారం పెట్టుకున్నాను.