దిష్టి చుక్క చెరపకు అమ్ములూ

తెనాలి

చి. అమ్ములుకి మామయ్య ఆశీస్సులు.

పండక్కి నువ్వు తీసిన ఫోటోలన్నీ నిన్న రాత్రి స్టూడియో కట్టేశాక తీరిగ్గా చూశాను. బుజ్జిది వేపచెట్టు కింద గొంతుక్కూర్చుని, గులాబీ ముగ్గురంగులో వేలు ముంచి, ఎవరు పిలిచినా పలకనట్టున్న ఫోటో దగ్గర చాలాసేపు ఆగిపోయాను. షటర్ స్పీడు 1/500 పెట్టావు కాబట్టి చెయ్యి కదిలినా చెదిరిపోలేదు. ఆడుకునే పిల్లల్ని పట్టుకోవడం నీకు వచ్చేసింది.

అదే ఫోటో ఎడిట్ చేసి మళ్ళీ పంపావు చూడు, అది చూశాక మనసు చివుక్కుమంది. వాళ్ళమ్మ పొద్దున్నే బుగ్గన పెట్టిన దిష్టి చుక్క లేదు. యాప్ దాన్ని మచ్చ అనుకుని తుడిచేసింది, నువ్వు గమనించలేదు. బుగ్గలు మైనం ముద్దల్లా నున్నగా అయిపోయాయి. చామనఛాయ పిల్ల కాస్తా తెల్లబడిపోయింది. దాని రంగుకి ఏం తక్కువమ్మా?

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను. నేను పని నేర్చుకున్న రోజుల్లో బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో టచింగ్ చేసేవాళ్ళం. ముఖం మీది మచ్చ నెగటివ్‌లో పల్చగా కనిపిస్తుంది. అక్కడ పెన్సిల్‌తో నింపితే ప్రింటులో తెల్లబడి చర్మంలో కలిసిపోతుంది. చెయ్యి కుదిరిందన్న ఉత్సాహంలో ఒక పాప పుట్టినరోజు ఫోటోలో పెదవి పైనున్న పుట్టుమచ్చ కూడా నింపేశాను. ఫోటో కోసం వచ్చిన నాయనమ్మ కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చూసింది. "వాళ్ళ తాతకీ ఇక్కడే ఉండేది బాబూ" అంది, అంతే. డబ్బులిచ్చి పట్టుకెళ్ళింది. మళ్ళీ వేసిస్తానని అనడం కూడా నాకు ఆ క్షణంలో తోచలేదు.

అప్పట్నుంచి నాకొక లెక్క ఉంది. వారంలో పోయేదైతే తీసెయ్యొచ్చు, ఉండిపోయేదైతే ముట్టుకోకూడదు. దోమకాటు, చీమిడి, ఎండిన పాల చార తీసెయ్. పుట్టుమచ్చ, కుట్లు పడ్డ గీత, పన్ను ఊడిన సందు వదిలెయ్. మూతికి అంటిన అన్నం మెతుకు మాత్రం ఈ లెక్కలోకి రాదు, నేనైతే ఉంచుతాను.

ఇక ఆ ముగ్గు ఫోటో సంగతి. అందులో దిద్దాల్సింది వెలుగు. వేపాకుల్లోంచి దిగిన ఎండ ముఖమంతా ఆకుపచ్చ పూసింది. లైట్‌రూమ్ ఎడిటింగ్ యాప్‌లో ముందు వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల సమతూకం, చూడు. అందులో టింట్ స్లైడర్‌ను మెజెంటా (ముదురు గులాబీ) వైపు ఐదారు పాయింట్లు జరిపితే ఆ పచ్చదనం విరుగుతుంది. గడ్డం కింద కనిపించే గులాబీ ఛాయ ముగ్గురంగు నుంచి వచ్చింది, దాన్ని ఉండనీ. ఎక్స్‌పోజర్, అంటే ఫోటో మొత్తం వెలుగు, 0.3కి మించి పెంచకు. నుదుటి మీద ఎండ ముక్కలు మరీ తెల్లగా ఉన్నాయి, హైలైట్స్ తగ్గించు. కళ్ళ కింద నీడకి షాడోస్ 15, 20 చాలు. ఇంకా లేపావంటే ముఖం అప్పడంలా చదునైపోతుంది.

చర్మం జోలికి వెళ్ళక తప్పదనిపిస్తే, లైట్‌రూమ్‌లో 2019లో వచ్చిన టెక్స్‌చర్ స్లైడర్ వాడు, చర్మం గరుకును పెంచేదీ తగ్గించేదీ అదే. మైనస్ 10 దగ్గర ఆగు, అదీ బ్రష్‌తో చెంపల వరకే. పసిపిల్లల చెంపల మీద సన్నని నూగు ఉంటుంది, పక్కనుంచి వెలుగు పడితే బంగారు పోగుల్లా మెరుస్తుంది. స్మూతింగ్ ముందు మింగేసేది దాన్నే. ఫోన్‌లో తీసేటప్పుడు బ్యూటీ మోడ్ అసలు ఆన్ చెయ్యకు. ఎడిటింగ్‌లో చేసింది వెనక్కి తీసుకోవచ్చు గానీ, తీసేటప్పుడే పోయిన నూగును తర్వాత ఎవరూ తేలేరు.

కళ్ళ తెల్లగుడ్డును బ్రష్‌తో తెల్లబరచకు, బొమ్మ కళ్ళలా కనిపిస్తాయి. గుమ్మంలో కూర్చుని బుజ్జిది నీవైపు చూసిన ఫోటో ఉంది కదా, కంటిపాప దగ్గర బాగా జూమ్ చేసి చూడు. వాకిట్లోని ఆకాశం చిన్న తెల్ల ముక్కలా పడింది, దాని మధ్యలో కెమెరా పట్టుకున్న నీ తల నల్లగా కనిపిస్తుంది. ఆ మెరుపు ఉన్న కంటికి ఇంకేమీ అక్కర్లేదు.

ముగ్గు ఫోటోలో వెనకున్న నీలం ప్లాస్టిక్ బకెట్ తీసెయ్, కన్ను అటే లాగుతోంది. ఆ మూల పసుపు రాసుకున్న మా అమ్మ పాదాలు పడ్డాయి, వాటిని మాత్రం కత్తిరించకు.

అంతా అయ్యాక ఒక రాత్రి పక్కన పెట్టు. అర్ధరాత్రి దాకా స్క్రీన్ చూసిన కంటికి ఎంత మార్చినా తక్కువే అనిపిస్తుంది. పొద్దున్నే బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి ఒరిజినల్‌ పక్కన పెట్టి చూడు. బ్రైట్‌నెస్ ఫుల్లుగా పెట్టి ఎడిట్ చేస్తే ప్రింటు నల్లగా వస్తుంది, నా దగ్గరికి వచ్చే ఫైళ్ళలో సగం అవస్థ ఇదే. పక్కింటి పిల్లల ఫోటోలు కూడా ఉన్నాయి, వాళ్ళమ్మానాన్నల్ని అడగనిదే ఎవరికీ పంపకు. పంపేటప్పుడు లొకేషన్ వివరాలు తీసెయ్.

ముగ్గు ఫోటో మళ్ళీ మొదట్నుంచి చేసి ఆదివారంలోగా పంపు, ఒరిజినల్ కూడా జతచెయ్. దిష్టి చుక్క సరిగా వచ్చిందో లేదో నేనూ చూసుకుని, 8×12లో మ్యాట్ పేపర్ మీద ప్రింటు వేసి మీ అమ్మమ్మకి ఇస్తాను. మంచం ఎదురుగా గోడకి మేకు కొట్టి ఉంచమని ఇప్పటికే చెప్పింది.

మీ మామయ్య