పంది దాణాలో చేప నూనె కలపాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుడివాడ దగ్గర పల్లె. నాలుగు యార్క్‌షైర్ పందుల్ని పెంచుతున్నాను. మొన్న ఒకటి పదకొండు పిల్లల్ని ఈనితే మూడో రోజుకి నాలుగు పోయాయి. తల్లికి ఒమేగా-3 ఉన్న చేప నూనె పెడితే పిల్లలు బతుకుతాయంటూ ఒకాయన 900 రూపాయల డబ్బా అంటగడుతున్నాడు. కొనమంటారా?
– ఒక రైతు, కృష్ణా జిల్లా

జవాబు: డబ్బా సంగతి తర్వాత. ఆ నాలుగూ ఎప్పుడు పోయాయి? మొదటి రెండు రాత్రుల్లోనే అయితే, ఈనాక ఏ నూనె పెట్టినా దక్కేవి కావు. పుట్టినప్పుడు పంది పిల్ల ఒంట్లో కొవ్వు నూటికి రెండు పాళ్లు కూడా ఉండదు. మొదటి గంటల్లోనే ముర్రుపాలు కడుపునిండా తాగాలి, పడుకునే చోట 32–34 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. చలేస్తే తల్లి పొట్ట కిందకి దూరుతుంది. తల్లి పక్క మార్చిందా, నలిగిపోతుంది. మూలన గోనెసంచి పరిచి పైన బల్బు వేలాడదీయండి.

అలాగని నూనె దండగ అనను. తల్లి తిన్న కొవ్వు పాలలోకి దిగుతుంది. పంది పాలు మామూలుగానే గేదె పాలంత చిక్కన, ఇంకాస్త వెన్న పెరిగితే పిల్లలకే లాభం. పైగా ఎండాకాలంలో తల్లి సరిగ్గా తినదు. నూనె కొంచెమే అయినా బలం ఎక్కువ, అరిగేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి తక్కువ. పది పిల్లల తల్లి రోజుకి ఐదారు కిలోల దాణా తింటుంది. కిలోకి 30 గ్రాముల చొప్పున సోయా నూనో తవుడు నూనో కలిపితే చాలు. ఈనడానికి వారం పది రోజుల ముందే కొద్దికొద్దిగా మొదలుపెట్టండి, ఒక్కసారే పోస్తే పారుకుంటుంది.

ఏ తవుడు వేస్తున్నారో మీరు రాయలేదు. మిల్లు నుంచి తెచ్చిన పచ్చి తవుడైతే కిలోలో సుమారు 150 గ్రాముల నూనె ఉంటుంది. అంటే డబ్బా మీ ఇంట్లోనే ఉన్నట్టు! కాకపోతే నాలుగు రోజులు నిలవుంటే ముక్క వాసన కొడుతుంది. గుప్పెడు తీసి వాసన చూడండి, ఘాటుగా గొంతు పట్టుకుంటే వేయకండి. నూనె తీసిన తవుడైతే విడిగా కలపాల్సిందే. హోటల్లో మరిగి మరిగి నల్లబడ్డ నూనె మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు.

నీరసించిన పిల్ల నోట్లో నూనె పోయమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ చెంచాతో కొబ్బరి నూనె పోశాను. పొలమారి నా చేతుల్లోనే పోయింది. అప్పట్నుంచి తల్లి ముర్రుపాలే గిన్నెలోకి పిండి, సూది తీసిన సిరంజితో నాలుక మీద చుక్కచుక్కగా వేస్తున్నాను.

ఒమేగా-3 మీద మరీ మనసుంటే గుప్పెడు అవిసె గింజలు దంచి దాణాలో కలపండి. ఆ 900 పెట్టి బల్బు, హోల్డరు, వైరు కొనుక్కోండి.